కోళ్ల గూటికి తలుపే కాపలా

పెరట్లో పది కోళ్లుంటే ఇంటి ఇల్లాలి కొంగున నాలుగు డబ్బులున్నట్టే. పిల్లల పుస్తకాలకీ, పండక్కి రవికె గుడ్డకీ, చుట్టాలొస్తే కూరకీ ఒకరి ముందు చెయ్యి చాచనక్కర్లేదు. గుడ్లు ఇంట్లో పిల్లలు తినగా మిగిలినవి ఊళ్లోనే అమ్ముడుపోతాయి. నాటుకోడికి పట్నంలోనూ, పల్లెలోనూ గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

అయితే ఏడాది పాటు గింజలు చల్లి పెంచుకున్న ఈ పది కోళ్లూ ఒక్క రాత్రిలో పోవచ్చు. తెల్లారి లేచి చూస్తే గూటి ముందు ఈకలు, లోపల తలలు తెగిన కోళ్లు. ఇలా నష్టపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ కనబడతాయి. కొక్కెర తెగులుకు టీకా ఉంది. బొల్లికీ టీకా ఉంది. కుక్కకూ, పిల్లికీ, నక్కకూ మాత్రం ఏ ఆసుపత్రిలోనూ టీకా దొరకదు. వాటికి మందు ఒక్కటే, సరైన తలుపు.

గూడు కట్టేటప్పుడు గోడ గురించి ఆలోచిస్తాం, కప్పు గురించి ఆలోచిస్తాం. తలుపు దగ్గరికొచ్చేసరికి ఏదో పాత రేకు ముక్క అడ్డం పెట్టి, దానికో రాయి ఆనించి ఊరుకుంటాం. దొంగ జంతువు గోడ బద్దలు కొట్టుకుని రాదు. ఉన్న దారిలోనే వస్తుంది. అందుకే గూటికి పెట్టే ఖర్చులో, శ్రద్ధలో మొదటి వాటా తలుపుకే ఇవ్వాలి.

మూడు కొలతలు

తలుపు చేయించే ముందు మూడు కొలతలు చూసుకోవాలి. ఒకటి కోడి కొలత, రెండోది దొంగ కొలత, మూడోది మనిషి కొలత. చాలామంది మొదటిది ఒక్కటే చూసి తక్కిన రెండూ వదిలేస్తారు. నష్టం అక్కడే వస్తుంది.

కోడి కొలత అంటే దారి ఎంత ఉండాలన్నది. మామూలు నాటుకోళ్లకు, వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలకు 12 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉన్న దారి సరిపోతుంది. అసీల్ జాతి పుంజులు పొడుగు కాళ్లవి, నిటారుగా నడుస్తాయి. అవి ఉంటే ఎత్తు 18 అంగుళాలకు పెంచాలి. మందలో అన్నిటికంటే పెద్ద పుంజును చూసి కొలత తీసుకోండి. అంతేగాని రెండు కోళ్లు పక్కపక్కన దూరేంత వెడల్పు అక్కర్లేదు. దారి పెద్దదైన కొద్దీ తలుపు బరువవుతుంది, సందులూ ఎక్కువవుతాయి.

దొంగ కొలత అంటే తలుపు మూశాక ఎంత సందు మిగిలిందన్నది. అర అంగుళం సందు దొరికితే ఎలుక దూరుతుంది. చిన్న పాములకూ అంతే చాలు. ముంగిస సన్నటి జంతువు. దాని తల పడితే ఒళ్లంతా లోపలికి జారిపోతుంది. కుక్క సందులో దూరదు గానీ మూతి పెట్టి ఎత్తుతుంది, పంజాతో గీకి లాగుతుంది, కింద మట్టి తవ్వుతుంది. కాబట్టి మూసిన తలుపు చుట్టూ పావు అంగుళానికి మించి సందు ఉండకూడదు. మూతికీ పంజాకూ పట్టు దొరికే అంచు కూడా ఉండకూడదు.

మనిషి కొలత అంటే రోజూ సాయంత్రం ఆ తలుపు ఎవరు మూస్తారన్నది. వడ్రంగి చేసిచ్చిన తలుపు వడ్రంగి మూయడు కదా. మీ అమ్మగారో, బడి నుంచి వచ్చిన పిల్లాడో మూస్తారు. ముసలావిడ నడుం వంచలేకపోతే, పిల్లాడికి గడియ అందకపోతే ఆ తలుపు ఎంత గట్టిదైనా నెలకు నాలుగు రాత్రులు తెరిచే ఉంటుంది. దొంగకు ఒక్క రాత్రి చాలు. మూసేవారి చేతికి అందేలా, ఒక్క నిమిషంలో పని అయ్యేలా ఉండాలి.

ఏ తలుపు మేలు?

కోళ్ల గూళ్లకు వాడే తలుపులు ముఖ్యంగా అయిదారు రకాలు. ఒక్కోదాని మంచీ చెడూ తెలుసుకుని మీ గూటికి తగ్గది ఎంచుకోండి.

గంప, బండ, రేకు: కోళ్లను గంప కింద కమ్మడం మనకు తాతల నాటి పద్ధతి. నాలుగైదు కోళ్లుండి, గంపను ఇంటి వరండాలో పెట్టుకునే వాళ్లకు ఇప్పటికీ బాగానే ఉంటుంది. ఆరుబయట మాత్రం నమ్మకూడదు. గంపను కుక్క దొర్లించేస్తుంది. గూటికి బండ అడ్డం పెడితే పక్కన సందులుంటాయి. సందుల్లేకుండా పెడితే గాలి ఆడదు. రేకు ముక్కకు ఆనించిన రాయిని పట్టుదల గల కుక్క పక్కకు నెట్టేయగలదు.

ఊగే రెక్క: పట్నాల్లో పెంపుడు కుక్కలకూ పిల్లులకూ వీధి తలుపు అడుగున చిన్న రెక్క అమరుస్తారు. జంతువు తలతో నెడితే అటూ ఇటూ ఊగి మళ్లీ మూసుకుంటుంది. ఇది కోళ్లకు పనికిరాదు. కోడి తలతో తలుపు నెట్టుకుని వెళ్లడానికి త్వరగా ఒప్పుకోదు. పిల్లి, ముంగిస మాత్రం సులువుగా నెట్టుకుని లోపలికి వస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉందని పెట్టించుకోకండి.

కిందికి వాలే తలుపు: అడుగున బందులు వేసి, తెరిచినప్పుడు కోళ్లు ఎక్కిదిగే బల్లగా, మూసినప్పుడు తలుపుగా పనిచేసేలా చేస్తారు. ఒకే పలక రెండు పనులు చేస్తుందన్నది నిజమే. అయితే పగలంతా కోళ్లు తొక్కి, రెట్టలు వేసి, వానకు తడిసి ఆ పలక వంకరపోతుంది. వంకరపోయిన పలక చట్రానికి అతకదు. వానలు తక్కువగా ఉండే ప్రాంతాల్లో, పలక మందంగా ఉంటేనే పెట్టుకోండి.

పక్కకు తెరిచే రెక్క తలుపు: మామూలు ఇంటి తలుపులాంటిదే, చిన్నది. చేయడం సులువు. గూడు పొట్టిగా ఉన్నవాళ్లకు ఇదే దారి. గడియలు సరిగ్గా పడకపోతే మూలల్లో సందు వస్తుంది. ఆ జాగ్రత్త తీసుకుంటే మంచి తలుపే.

పైకి లేపే జారుడు తలుపు: రెండు పక్కలా గాడులుంటాయి. వాటిలో పలక పైకీ కిందికీ జారుతుంది. సందులు తక్కువ. నడుం వంచకుండా మూయొచ్చు. కుక్క నెట్టినా, లాగినా గాడి పట్టుకుని ఉంటుంది. గూటి ముందుగోడ మూడున్నర అడుగులకు తగ్గకుండా ఉంటే ఈ రకమే ఎంచుకోండి. అంతకంటే పొట్టిగా ఉంటే పలక పైకి లేవడానికి చోటు చాలదు.

తనంతట తానే మూసుకునే తలుపు: వెలుతురును బట్టి గానీ, గడియారాన్ని బట్టి గానీ మోటారుతో నడిచే తలుపులు ఇప్పుడు మార్కెట్లోకి వచ్చాయి. బ్యాటరీతో పనిచేస్తాయి. పొలం దగ్గర గూడుండి, రోజూ సాయంత్రం వెళ్లలేని వాళ్లకు ఉపయోగమే. గడియారం రకం కొంటే మాత్రం కాలాన్ని బట్టి వేళ మార్చుకుంటూ ఉండాలి. హైదరాబాదు ప్రాంతంలో నవంబరు చివర్లో సాయంత్రం 5.40కే పొద్దు గుంకుతుంది. జులై మొదట్లో 6.50 దాటాక గాని గుంకదు. గంటకు పైగా తేడా. వేళ మార్చకపోతే ఎండాకాలంలో కోళ్లు బయటే ఉండిపోతాయి, చలికాలంలో చీకటి పడ్డాక గంటసేపు గూడు తెరిచి ఉంటుంది. పైగా బ్యాటరీ అయిపోయిన రోజు అది తలుపు కాదు, ఉత్త కంతే. యంత్రం పెట్టినా కన్నేసి ఉంచాల్సిందే.

ఎటువైపు, ఎంత ఎత్తున?

తలుపు తూర్పు వైపు ఉంటే పొద్దుటి ఎండ గూట్లోకి పడుతుంది. లోపలి తేమ ఆరుతుంది. నైరుతి రుతుపవనాల జల్లు నేరుగా కొట్టదు. కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా నెల్లూరు వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వాన కొడుతుంది. అక్కడ తలుపుపైన అడుగు వెడల్పున చూరు గానీ రేకు గానీ దింపాలి. ఇంట్లోంచి చూస్తే గూటి తలుపు కనబడేలా ఉంటే ఇంకా మంచిది. మూశామో లేదో మంచం మీద నుంచే చూసుకోవచ్చు.

దారి అడుగు గూటి నేలకు 6 అంగుళాల ఎత్తున ఉండాలి. అంటే 6 అంగుళాల గడప అన్నమాట. నేలమీద పరిచిన ఊక కోళ్లు గీకినప్పుడు బయటికి పోకుండా ఈ గడప ఆపుతుంది. ఊక తలుపు కింద ఇరుక్కుని తలుపు పూర్తిగా పడకపోవడమన్న బాధా ఉండదు.

నీరు నిలిచే పల్లపు చోట్ల గూటిని రెండడుగుల స్తంభాల మీద కడతారు. అప్పుడు కోళ్లు ఎక్కడానికి వాలు బల్ల కావాలి. బల్ల మీద 5 అంగుళాలకొక సన్నటి అడ్డపట్టీ కొడితే కాళ్లు జారవు. ఆ బల్లను మేకులతో బిగించేయకుండా కొక్కేలకు తగిలించండి. రాత్రి తీసి పక్కన పెట్టేస్తే పందికొక్కులకూ దారి ఉండదు.

ఇక్కడ ఇంకో మాట. గూడు శుభ్రం చేయడానికి మనిషి దూరే పెద్ద తలుపు వేరే ఉండాలి. ఉన్న ఒక్క పెద్ద తలుపునే కోళ్లకూ వాడితే, తెరిచేసరికి అన్నీ ఒక్కసారిగా బయట పడతాయి. టీకా వేయడానికి ఒక్కటీ చేతికి చిక్కదు. చోటు తక్కువైతే పెద్ద తలుపులోనే చిన్న దారి కోసి దానికి చిన్న తలుపు అమర్చుకోవచ్చు.

జారుడు తలుపు చేసే పద్ధతి

ఇది ఊళ్లో వడ్రంగి సగం రోజులో చేసిస్తాడు. ఉలి, రంపం పట్టడం వచ్చినవాళ్లు సొంతంగానూ చేసుకోవచ్చు. దారి 12 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు అనుకుని కొలతలు చెబుతున్నాం. మీ దారిని బట్టి మార్చుకోండి.

తలుపు పలక: 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, ముప్పావు అంగుళం మందం. దారి కంటే పక్కలకు అంగుళం చొప్పున, పైన అంగుళం, కింద అంగుళం ఎక్కువ ఉంటుంది. ఎండిన వేపచెక్క మంచిది. నీటికి చెడని రకం ప్లైవుడ్డూ వాడొచ్చు. పచ్చిచెక్క వద్దు. ఆరాక వంకరపోతుంది.

నడిమి కర్రలు రెండు: 32 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, అంగుళం మందం. వీటిని దారికి రెండు పక్కలా చట్రం మీద నిలువుగా బిగించాలి. రెండు కర్రల మధ్య దూరం 14 పావు అంగుళాలు ఉండేలా చూసుకోండి. పలక కంటే పావు అంగుళం ఎక్కువ వదిలామన్నమాట. వానాకాలం చెక్క ఉబ్బుతుంది. ఈ వదులు లేకపోతే శ్రావణంలో తలుపు కదలదు.

పైపట్టీలు రెండు: 32 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. వీటిని నడిమి కర్రల మీద పెట్టి స్క్రూలతో బిగించాలి. సగం వెడల్పు కర్ర మీద, సగం పలక మీదికి వస్తుంది. దీంతో గాడి తయారవుతుంది. నడిమి కర్ర మందం అంగుళం, పలక మందం ముప్పావు కాబట్టి గాడిలో పలక సులువుగా జారుతుంది. ఇక్కడ మేకుల కంటే స్క్రూలే మేలు. తలుపు పట్టేసినప్పుడు విప్పి సరిచేసుకోవచ్చు.

నిలువు పొడవు 32 అంగుళాలు ఎందుకంటే పలక 16, దాన్ని లేపాల్సిన ఎత్తు 14, కలిపి 30. పలక పూర్తిగా లేపినా గాడి దాటి బయటికి రాకుండా ఇంకో రెండంగుళాలు. ఇది తగ్గించకండి.

అడుగు పట్టీ: పలక కింది అంచు నేరుగా గడప మీద కూర్చుంటే కుక్క మూతితో, ముంగిస పంజాతో ఎత్తగలవు. అందుకని గడప దగ్గర ఒక అడ్డపట్టీ కొట్టి, పలక కింది అంగుళం ఆ పట్టీ వెనక దిగేలా చేయాలి. అప్పుడు పట్టు దొరకదు. ఈ అడుగు గాడిలో నీరు, ఊక చేరతాయి. రెండు మూలలా వేలు పట్టనంత చిన్న చిల్లులు వదిలితే నీరు కారిపోతుంది. చీపురు పుల్లతో ఊక తీసేయొచ్చు.

చీల: ఆరంగుళాల ఇనుప మేకు ఒకటి చాలు. తలుపు పూర్తిగా మూసి, పక్క పైపట్టీకీ, దాని వెనకున్న పలక అంచుకూ కలిపి ఒక చిల్లు వేయండి. తర్వాత పలకను పూర్తిగా లేపి, పలకకున్న చిల్లు ఎక్కడికొస్తుందో చూసి, పైపట్టీకి అక్కడ రెండో చిల్లు వేయండి. పగలు పై చిల్లులో మేకు దూర్చితే తలుపు పైన నిలబడుతుంది. రాత్రి కింది చిల్లులో దూర్చితే తలుపు ఎవరు ఎత్తినా కదలదు. మేకుకు చిన్న గొలుసు గానీ, తీగ గానీ కట్టి చట్రానికి తగిలించండి. లేకపోతే వారంలో పోతుంది.

వంగలేని వాళ్లున్న ఇంట్లో పలక పైఅంచుకు కొక్కెం కొట్టి, తాడు కట్టి, పైన చిన్న కప్పీ మీదుగా వేస్తే నిలబడే లాగి దించొచ్చు. నైలాన్ తాడు ఎండకు చివికిపోతుంది, ఎలుకలూ కొరుకుతాయి. ఏడాదికోసారి మార్చండి. తాడున్నా చీల పెట్టడం మానొద్దు. తలుపును ఎప్పుడూ ధబాలున వదలకూడదు. కింద కోడి ఉంటే మెడ విరుగుతుంది. చేత్తో మెల్లగా దించాలి.

రెక్క తలుపు పెట్టుకుంటే

రెక్క ఎప్పుడూ బయటికే తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేలా పెడితే ఊక అడ్డం వస్తుంది, బయట నుంచి నెట్టడం జంతువుకూ సులువవుతుంది. రెక్క చట్రం లోపలికి పడకుండా, చట్రం అంచుకు ఆని నిలిచేలా చుట్టూ అంగుళం ఎక్కువ కొలతతో చేయించండి.

గడియ మధ్యలో ఒక్కటే పెట్టడం పెద్ద పొరపాటు. కింద మూల దగ్గర లాగితే పలక వంగి సందు వస్తుంది. పైన ఒకటి, కింద ఒకటి, రెండు గడియలు పెట్టాలి. ఉత్త కొక్కెం నమ్మకండి. మూతితో తడితే లేచిపోతుంది. టవర్ బోల్టు మంచిది. దాని చివర చిల్లుకు చిన్న తాళం గానీ, మడిచిన తీగ గానీ తగిలిస్తే మనుషుల దొంగతనానికీ కొంత అడ్డు. పండగల ముందు పుంజులున్న ఇళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

గోడను బట్టి చట్రం

ఇటుక గోడైతే చట్రానికి పక్కకు రెండు చొప్పున ఇనుప హోల్డ్‌ఫాస్టులు బిగించి సిమెంటుతో కట్టేయాలి. మట్టిగోడకు చట్రం నిలవదు, కొన్నాళ్లకు ఊడొస్తుంది. చట్రం నిలువు కర్రలనే పొడుగ్గా ఉంచి అడుగున్నర లోతున నేలలో పాతి, తర్వాత చుట్టూ మట్టి మెత్తాలి. తడిక గూళ్లకూ ఇదే పద్ధతి. నేలలో పాతే భాగానికి తారు పూస్తే చెద పట్టదు. తడికను చట్రానికి నారతో కాకుండా ఇనుప తీగతో కట్టండి.

గడప కింద కూడా చూడాలి

తలుపు గట్టిదని తెలిశాక కుక్క, నక్క, పందికొక్కు కింద నుంచి తవ్వుతాయి. గడప కింద అడుగు లోతున బండ పాతితే మంచిది. లేదంటే గడప ముందు అడుగున్నర వెడల్పున వెల్డ్‌మెష్ జాలీ నేలమీద పరిచి, ఒక అంచు చట్రానికి బిగించి, పైన మట్టి కప్పేయండి. జంతువు తలుపుకు ఆనుకునే తవ్వుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న తెలివి చాలావాటికి ఉండదు. జాలీ గోళ్లకు తగలగానే మానుకుంటుంది.

జాలీ కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆరు మూలల కళ్లున్న సన్నటి కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచడానికే గాని, కుక్కను బయట ఉంచడానికి కాదు. పళ్లతో చింపేస్తుంది. కిటికీలకూ, గడప ముందుకూ అర అంగుళం కళ్లున్న వెల్డ్‌మెష్ వాడాలి.

గాలి సంగతి

తలుపు సందుల్లేకుండా పెట్టమన్నాం కదా అని గూడంతా మూసేయకండి. రాత్రంతా కోళ్లు వదిలే ఊపిరి, రెట్టల ఘాటు లోపలే ఉండిపోతే కళ్లు మండుతాయి, రొంప పడుతుంది. మే నెల ఎండల్లో గాలి ఆడని గూట్లో తలుపు వేస్తే దొంగ రాకుండానే కోళ్లు చస్తాయి. గాలి తలుపు సందు నుంచి రాకూడదు. కోళ్లు కూర్చునే కర్ర కంటే ఎత్తున, రెండు ఎదురెదురు గోడల్లో జాలీ కిటికీలు పెట్టాలి. వేడి గాలి పైకి పోతుంది, చలికాలం ఈదురుగాలి కోళ్లకు నేరుగా తగలదు. ఒక్కో కోడికి కనీసం చదరపు అడుగు చోటు ఉండాలి. పెద్ద రకాలకు రెండు ఉంటే మేలు.

రోగాలు వచ్చినప్పుడు కోళ్లను బయటికి వదలొద్దని పశుసంవర్ధక శాఖ చెబుతుంటుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. అలాంటి వేళ తలుపూ, గాలీ రెండూ సరిగ్గా ఉన్న గూళ్లలోనే కోళ్లను పగలు కూడా ఉంచగలం.

కోళ్లకు అలవాటు చేయడం

కొత్త తలుపు పెట్టగానే కొన్ని కోళ్లు బెదిరి చెట్టెక్కుతాయి. కంగారు పడొద్దు. మొదటి రెండు రోజులు తలుపు తెరిచే ఉంచి, సాయంత్రం గింజలు గూట్లోనే వేయండి. కొత్తగా తెచ్చిన కోళ్లనైతే నీళ్లు, మేత లోపలే పెట్టి వారం రోజులు గూట్లోనే ఉంచాలి. అప్పుడే అది తమ ఇల్లని వాటికి తెలుస్తుంది. వనరాజా, గ్రామప్రియ పిల్లలను ఆరు వారాలు వెచ్చటి గదిలో పెంచి బయటికి వదులుతారు కాబట్టి వాటికి ఈ అలవాటు తప్పనిసరి. చెట్టెక్కిన వాటిని చీకటి పడ్డాక దించి గూట్లో పెట్టండి. చీకట్లో కోడికి చూపు ఆనదు, పట్టుకోవడం సులువు. నాలుగైదు రోజుల్లో దారిలో పడతాయి.

మూసే వేళ, తెరిచే వేళ

పొద్దు గుంకుతుండగానే కోళ్లు వాటంతట అవే గూడు చేరతాయి. పొద్దు గుంకిన అరగంటలోపు తలుపు పడాలి. మూసే ముందు లెక్క పెట్టండి. టీవీలో సీరియల్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే పిల్లి లోపల ఉండొచ్చు. పిల్లి లోపలుండగా తలుపు వేస్తే తెల్లారేసరికి ఏం మిగులుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే టార్చి వేసి కర్ర కిందా, మూలలా ఒకసారి చూసి మూయండి. ఈ పని ఇంట్లో ఫలానా వారిదని ఖాయం చేయాలి. అందరి పనీ అయితే ఎవరి పనీ కాకుండా పోతుంది.

పొద్దున్న బాగా వెలుగొచ్చాక తెరవండి. తెలతెలవారుతుండగా నక్కలూ, ఊరకుక్కలూ ఇంకా తిరుగుతుంటాయి. పెట్టలు ఎక్కువగా మధ్యాహ్నంలోపే గుడ్డు పెడతాయి. గూట్లో నీళ్లుండి, గాలి ఆడుతుంటే ఎనిమిది దాకా ఆపితే గుడ్లు కొన్ని గూట్లోనే పడతాయి. గడ్డివాము కింద, పొదల్లో వెతకనక్కర్లేదు. ఎండాకాలం మాత్రం ఆరింటికల్లా వదిలేయాలి.

ముంగిస, గద్ద, కాకి పగలు తిరిగేవి. వాటి నుంచి పిల్లలను గూటి తలుపు కాపాడలేదు. పిల్లలకోడిని మొదటి కొన్ని వారాలు జాలీ దొడ్లోనే తిప్పాలి.

నెలకోసారి ఒక పావుగంట

అమావాస్యకో, పున్నమికో గుర్తు పెట్టుకుని నెలకోసారి తలుపును సరిచూడండి. స్క్రూలు వదులయ్యాయా, అడుగు గాడి నిండిందా, చెక్క పగిలిందా చూడాలి. చీకటి పడ్డాక గూటి లోపల టార్చి వెలిగించి, తలుపు వేసి, బయట నుంచి చూడండి. వెలుగు ఎక్కడ కనబడితే అక్కడ సందు ఉన్నట్టే.

గాడుల్లో, చెక్క పగుళ్లలో గోమార్లు చేరతాయి. పగలంతా అక్కడే దాక్కుని రాత్రి కోళ్ల నెత్తురు తాగుతాయి. కోళ్లు పాలిపోయి గుడ్లు తగ్గాయంటే ముందు తలుపు గాడులు, కూర్చునే కర్ర చివర్లు చూడండి. పగుళ్లు పూడ్చి, చిక్కటి సున్నం పూయాలి. ఎక్కువగా ఉంటే పశువుల డాక్టరును అడిగి తగిన మందు వాడండి. పొలంలో కొట్టే మందులు గూట్లో కొట్టకూడదు.

విషం జోలికి పోవద్దు

కోళ్లు పోయిన కోపంలో చచ్చిన కోడికి పురుగుమందు పూసి పెట్టేవాళ్లున్నారు. అది ముంగిస తింటుందో, పక్కింటి పెంపుడు కుక్క తింటుందో, ఆడుకునే పసిపిల్లాడు ముట్టుకుంటాడో మన చేతిలో ఉండదు. పల్లెల్లో ఇలాంటి పని వల్ల ఏళ్ల తరబడి మాటల్లేకుండా పోయిన ఇళ్లున్నాయి. పైగా ముంగిస, అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. వాటికి విషం పెట్టినా, ఉచ్చు వేసినా నేరం. ముంగిస మన పొలంలో ఎలుకలనూ పాములనూ పట్టి మేలు చేసేది కూడా. దాన్ని చంపడం కంటే గూట్లోకి రానివ్వకపోవడమే తెలివి.

పాత పలకలు, నాలుగు పట్టీలు, గుప్పెడు స్క్రూలు, ఒక మేకు. ఇంతకు మించి పెద్ద సరంజామా లేదు. వడ్రంగి కూలి కలిపినా రెండు మూడు కోళ్ల ధరలో పని అయిపోతుంది. ఈ వారం తీరిక చూసుకుని మీ గూటి తలుపు ముందు కూర్చుని మూడు కొలతలూ సరిచూడండి. కోడి దూరాలి, దొంగ దూరకూడదు, మూసే చేతికి సులువు కావాలి. ఈ మూడూ కుదిరితే ఆ రాత్రి నుంచి మీకూ, కోళ్లకూ నిశ్చింతగా నిద్ర పడుతుంది.